బస్సు రంగు వేసిన గది

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురం. నాయనమ్మ వెనక వసారాలో చేట ఒళ్లో పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అమ్మ పంపు దగ్గర బట్టలు జాడిస్తోంది. నాన్న హాల్లో పాత కుట్టుమిషన్ ముందు కూర్చుని దానికి నూనె వేస్తున్నాడు. బాబాయి నిద్ర లేచి కూడా లేవనట్టు, చాప మీద కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని పడుకున్నాడు. నేను మూల గదిలో గోడ ముందు నిలబడి, ఊడి వేలాడుతున్న రంగు ముక్కని రెండు వేళ్లతో పట్టుకుని, లాగాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.

లాగాను.

అరచెయ్యంత వస్తుందనుకున్నాను. గుమ్మం పక్కన మొదలైంది కిటికీ దాకా వచ్చేసింది. పాము కుబుసం విడిచినట్టు గోడ తన రంగుని విడిచేసి, లోపలి సున్నంతో తెల్లబోయి నిలబడింది. నా చేతిలో చీరంత పసుపుపచ్చ రంగు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాను.

అది నా గది. అంటే, కాబోయే నా గది.

మా ఇంట్లో అందరం హాల్లోనే పడుకుంటాం. పొద్దున చాపలు చుట్టి మూల నిలబెడితే అదే భోజనాల గది. నాకు డైరీ రాసే అలవాటుంది. మెట్ల కింద కూర్చుని రాస్తే, బాబాయి పై మెట్టు మీంచి తలకిందులుగా తొంగి చూసి, వార్తలు చదివేవాడి గొంతుతో పైకి చదివేవాడు. నేను నడిచినా మాట్లాడినా వినపడదని నాకు 'చప్పుడు' అని పేరు పెట్టింది కూడా ఆయనే. ఇంట్లో ఒక్క మూల గదే ఖాళీ. ఖాళీ అంటే మనుషులు లేరని. చిరిగిన సీట్లు, స్పాంజి ముక్కలు, విరిగిన కమ్మీలు మాత్రం కప్పు దాకా ఉండేవి.

నాన్న బస్సులకి సీట్లు కుడతాడు. బాబాయి అదే షెడ్డులో చెక్కపని చేస్తాడు. బడులు తెరిచేలోపు చుట్టుపక్కల స్కూలు బస్సులన్నీ ఆ షెడ్డుకే వస్తాయి. అందుకే మా ఇంట్లో ఎండాకాలాన్ని సెలవులు అనరు, సీజను అంటారు. ఆ సీజను మొదట్లో ఒక రోజు, ఎంత ధైర్యం కూడగట్టుకున్నానో నాకే తెలుసు, నాన్నని మూల గది అడిగాను.

"తీసుకో," అన్నాడు నాన్న తల ఎత్తకుండానే. "కానీ పైసా అడగకూడదు. షెడ్డులో పారేసే వాటిల్లో ఏది కావాలంటే అది తెచ్చుకో."

అలా వచ్చింది బస్సు రంగు. డబ్బాల అడుగున మిగిలిపోయినదంతా ఒక దాంట్లో వంపుకుంటే గోడలకి సరిపడా పసుపు వచ్చింది. గోడకి సున్నమే వెయ్యాలని నాయనమ్మ అంటూనే ఉంది.

"బస్సు మీద ఎండకీ వానకీ పదేళ్లుంటుందమ్మా ఈ రంగు," అన్నాడు బాబాయి. "పరిగెత్తే బస్సు మీదే ఊడనిది, కదలకుండా నిలబడ్డ గోడ మీద ఊడుతుందా?"

నాన్నకి కూడా ఆ మాట సబబుగానే తోచింది. ఇద్దరూ పుట్టి బుద్ధెరిగాక రేకుకి తప్ప దేనికీ రంగు వేసినవాళ్లు కారు. రేకుని రుద్దినట్టే గోడనీ ఉప్పుకాగితంతో రుద్ది, తుడిచి, రంగు పట్టించారు. రెండు వారాలు కూడా నిలవలేదు.

బాబాయి వచ్చి నా చేతిలోది చూశాడు, గోడని చూశాడు, అక్కడే గుమ్మంలో చతికిలబడ్డాడు.

"నేను అప్పుడే అనుకున్నాను," అన్నాడు నాన్న వెనక నుంచి.

"ఎప్పుడన్నయ్యా? డబ్బా మూత తీసింది నువ్వే కదా!"

"మూత తీసినంత మాత్రాన..."

"తడిపి గీకాలి," అంది ఇంకెవరో. "అలా లాగితే సున్నం కూడా పెళ్లలుగా వచ్చేస్తుంది."

అత్త. నాన్న చెల్లెలు. గేటు చప్పుడు మేమెవరమూ వినలేదు. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపటి నుంచి మా వెనక నిలబడి ఉందో తెలియదు. చేతిలో ఉన్న సంచి హాల్లో తలుపు పక్కన పెట్టి, కొంగు బొడ్లో దోపుకుని, "ఒక బకెట్టు నీళ్లు తే అమ్మా," అంది నాతో. అమ్మ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి ముందు అత్తని కాదు, సంచిని చూసింది. నాలుగు రోజుల కోసం సర్దుకున్న సంచి కాదది. జిప్పు పళ్లు విడిపోయేలా ఉంది.

"అల్లుడు రాలేదా?" అంది నాయనమ్మ.

"లేదమ్మా," అంది అత్త, గోడ మీద నీళ్లు చల్లుతూ.

ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. అడిగే రకం నేనెలాగూ కాదు.

ఆ తర్వాత రోజులన్నీ గీకడమే. బాబాయి ఇచ్చిన రేకు ముక్కలతో అత్త కింద నుంచి, నేను స్టూలు ఎక్కి పై నుంచి. గంటలకి గంటలు ఇద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకునేవాళ్లం కాదు. నాకది హాయిగా ఉండేది. మాట్లాడని మనిషి పక్కన మాట్లాడకుండా ఉండటం వేరు, మాట్లాడే వాళ్ల మధ్య నోరు మూసుకుని ఉండటం వేరు.

ఒక విషయం మాత్రం గమనించాను. వెనక నుంచి ఎవరైనా వస్తే అత్త ఉలిక్కిపడేది. నేను అడుగులో అడుగు వేసుకుంటూ వస్తే మరీను. ఒకసారి ఆవిడ చేతిలో రేకు జారి కాలి మీద పడింది. అప్పట్నుంచి గుమ్మం దగ్గరికి రాగానే దగ్గడం అలవాటు చేసుకున్నాను. "మన చప్పుడుకి జలుబు చేసిందా ఏంటి?" అన్నాడు బాబాయి.

సాయంత్రాలు నాయనమ్మ వత్తులు చేసుకుంటున్నట్టే చేసుకుంటూ అడిగేది. "ఎండలు తగ్గాక వెళ్తావా, ఈలోపే వెళ్తావా?"

"చూస్తానమ్మా."

"చూసేదేముంది? ఇక్కడ ఎక్కడని పడుకుంటావు? ఇప్పుడంటే నా పక్కన చాపేసుకున్నావు. ఎన్నాళ్లని?"

అత్త సంచి హాల్లో తలుపు పక్కనే ఉండేది, మొదటి రోజు పెట్టిన చోటే. ఏం కావాలన్నా వంగి తీసుకుని, మళ్లీ జిప్పు వేసేసేది. అమ్మ ఊడ్చేటప్పుడు దాన్ని ఎత్తి, ఊడ్చి, మళ్లీ అక్కడే పెట్టేది. దాన్ని లోపలికి తెస్తే ఒక మాట, బయటికి తీస్తే ఇంకో మాట అవుతుంది కదా. ఆ రెండూ అనే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

గోడలు తేరాయి. కిటికీ కింద మాత్రం ఒక చోట పసుపు రంగు ఎంత గీకినా రాలేదు. "అంత మొండిదాన్ని ఉండనీ," అన్నాడు బాబాయి. అమ్మ వంటింటికని తెచ్చి దాచుకున్న సున్నంలో నీలిమందు కలిపి రెండు పూతలు వేశాం. ఆరిన తర్వాత గది ఉతికి ఆరేసిన తెల్ల చొక్కాలా, అక్కడక్కడా నీలం మరకలతో ఉంది. నాకు మాత్రం ఎంత బాగుందో!

మంచం సంగతి నాన్న చూశాడు. తుక్కుకి వెళ్లాల్సిన ఒక బస్సు నుంచి వెనక వరస సీటు తెచ్చాడు, ఐదుగురు కూర్చునేది. వీపు భాగం తీసేసి, నాలుగు కాళ్లు బిగిస్తే నా పొడవుకి సరిపోయింది. రెక్సిన్ మాత్రం ఒక్క రంగులో అంత దొరకలేదు. ముక్కలన్నీ నేల మీద పరిచి ఏది ఎక్కడ రావాలో అత్తా నేనూ అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాం.

"తల వైపు ముదురుది పెట్టు," అంది అత్త. "నూనె జిడ్డు కనపడదు."

నాన్న కుట్టడం పూర్తి చేయగానే బాబాయి దాని మీద వాలి కళ్లు మూసుకున్నాడు. కాసేపయ్యాక ఒక కన్ను తెరిచాడు.

"ఇదేం బండన్నయ్యా! వెనక సీటన్నాక గుంత వచ్చినప్పుడల్లా తల కప్పుకి కొట్టుకోవాలి. ఇంజను ఆపేశారా? అందరూ దిగి తోయాలా?"

అత్త నవ్వింది. పైకి, పకపకా. మేమందరం అటు తిరిగేసరికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో ఎవరూ లేరు.

బస్సులో సామాన్లు పెట్టుకునే కమ్మీల అరని గోడకి బిగించి పుస్తకాల అర చేశాడు బాబాయి. డ్రైవరు పక్కన ఉండే పొడుగు అద్దం తల దువ్వుకోవడానికి. కిటికీకి బస్సు కర్టెనే, వెలిసిన వైపు బయటికి తిప్పి కుట్టాను. నా పుస్తకాలన్నీ అరలో సర్దాను. ఆ రోజు సాయంత్రం నా దుప్పటి తెచ్చుకుని అక్కడ పడుకోవాలి. ఆనందం పట్టలేక మధ్యాహ్నం అన్నం కూడా సరిగ్గా తినలేదు.

సాయంత్రం కంటే ముందు వాళ్లొచ్చారు.

మామయ్య రాలేదు. మామయ్య వాళ్లన్నయ్య, ఆయన భార్య వచ్చారు. ఉన్న రెండు కుర్చీలూ వాళ్లకే వేసి, మిగతా అందరం గోడలకి ఆనుకుని నిలబడ్డాం. పెద్దాయన మర్యాదస్తుడు. గొంతు పెంచడు. ఇల్లంతా నెమ్మదిగా కలయజూశాడు. మూల నిలబెట్టిన చాపలని లెక్కపెట్టినట్టే చూశాడు.

"వాడికి పనిలో తీరిక దొరకలేదు. అందుకే నేనొచ్చాను," అన్నాడు. "అలిగిన ఆడపిల్లని పుట్టింట్లో నాలుగు రోజులు ఉంచుకోవడం తప్పు కాదు. కానీ చాలా రోజులైంది కదండీ."

"అలక్కాదు బావగారూ," అంది అత్త. గొంతు నా గొంతులా ఉంది. వినపడలేదు.

"చూడండి, నేను అన్యాయం మాట్లాడను. ఇక్కడ ఈమెకి చోటెక్కడుంది చెప్పండి? అందరూ ఇదే హాల్లో కదా పడుకునేది? మరిది, అన్నా వదినా, ఎదిగిన పిల్ల... వీళ్ల మధ్య ఈమె చాపేసుకుని ఎంతకాలం పడుకుంటుంది? అక్కడ మూడంతస్తుల ఇల్లు. మీరే చెప్పండి, ఏది మర్యాద?"

"మరిది కాదండీ, తమ్ముణ్ణి," అన్నాడు బాబాయి. ఎవరూ నవ్వలేదు.

నాన్న నేల వైపు చూస్తున్నాడు. నాన్న మనసులో ఏముందో నాకు తెలుసు. ఉండమని చెప్పాలనే ఉంది. కానీ ఎక్కడ ఉండమని వేలుపెట్టి చూపించాలో తెలియడం లేదు. అమ్మ నాన్న వైపు చూస్తోంది. నాయనమ్మ చీర చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

"సర్దుకో అమ్మాయీ," అంది. "వాళ్లంత దూరం వచ్చారు."

అత్త కదిలింది. సర్దుకోవడానికేముంది? సంచి తలుపు పక్కనే ఉంది. వంగి దాన్ని అందుకుంది.

నేను మంచినీళ్ల గ్లాసులు తీసుకుని వస్తున్నాను. ఎలా అన్నానో నాకిప్పటికీ తెలియదు.

"అత్తకి గదుంది."

"ఏమంటోంది పిల్ల?" అన్నాడు పెద్దాయన.

మళ్లీ అనాల్సొచ్చింది. రెండోసారి అనడమే కష్టమైంది. "మూల గది అత్తది. అత్త అందులో ఉంటుంది."

నాన్న తల ఎత్తి నన్ను చూశాడు. నేను చేతిలో గ్లాసులనే చూస్తున్నాను.

"అవునండీ," అన్నాడు బాబాయి చటుక్కున. "సున్నం తడి ఆరలేదని ఆగాం కానీ, లేకపోతే ఎప్పుడో మారేది అక్క."

పెద్దాయన భార్య లేచింది. "ఏదీ, చూద్దాం," అంది. అందరూ నా వెనకే మూల గది దాకా వచ్చారు. ఆవిడ గుమ్మంలో నిలబడి గోడలు చూసింది, మూడు రంగుల మంచం చూసింది, అరలో ఉన్న స్కూలు పుస్తకాలు చూసింది.

"మరి ఇవెవరివి?"

అత్త నా వైపే చూస్తోంది, వద్దు అన్నట్టు తల అడ్డంగా ఊపుతూ.

"నావే," అన్నాను. "తీసేస్తున్నాను."

వాళ్లు చూస్తుండగానే తీశాను. ఒక్కసారికి చేతులు సరిపోలేదు. రెండు విడతలుగా మోసి హాల్లో కుట్టుమిషన్ మీద పెట్టాను. రెండోసారి వెళ్లేసరికి పెద్దాయన నవ్వుతూ, "ఏంటిది, బస్సులో కూర్చోబెడతారా మా ఇంటి కోడల్ని?" అంటున్నాడు.

"బస్సేనండీ," అన్నాడు బాబాయి. "సీటు ఖాయమైపోయింది. మధ్యలో దిగరు."

అప్పుడు మాట్లాడాడు నాన్న. గట్టిగా ఏం కాదు. "మా చెల్లెలు వెళ్తానన్న రోజున నేనే తీసుకొచ్చి దింపుతానండీ. అప్పటిదాకా ఇక్కడే ఉంటుంది." అని, అత్త చేతిలోంచి సంచి తీసుకుని మంచం మీద పెట్టాడు.

వాళ్లు వెళ్లాక ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నన్ను మెచ్చుకోనూ లేదు. రాత్రి అన్నం వడ్డిస్తూ అమ్మ మాత్రం, "నీకు నోరు లేదనుకున్నానే," అంది. నాయనమ్మ, "పెద్దవాళ్ల మధ్య దూరి మాట్లాడటం ఎవరు నేర్పారే నీకు?" అని, కొన్నాళ్లు నాతో మాట్లాడటం మానేసింది. నా పుస్తకాలూ డైరీ మళ్లీ మెట్ల కిందకి చేరాయి. ఆ రాత్రి హాల్లో చాప మీద పడుకుని కొంచెం ఏడ్చాను. త్యాగం చేశానన్న గొప్ప ఏమీ అనిపించలేదు. గది పోయింది, అంతే.

ఆ తర్వాత సంగతే విచిత్రం. గది ఇచ్చాను గానీ అత్త దాన్ని పుచ్చుకోలేదు.

మంచం అంచున, బస్సు కోసం ఎదురుచూసే మనిషిలా కూర్చునేది. పడుకున్నా తలుపు బార్లా తీసే ఉంచేది, గాలికి మూసుకోకుండా ఇటుక అడ్డం పెట్టి. నేను కనపడితే చాలు, లేచి నిలబడేది.

"కిటికీ తియ్యనా అమ్మా?"

"తియ్యత్తా."

"ఈ అరలో దువ్వెన పెట్టుకోవచ్చా?"

"నీ గదే కదత్తా!"

"ఆఁ, అవునులే," అనేది. మర్నాడు మళ్లీ ఇంకేదో అడిగేది.

నా తీరు కూడా అలాగే ఉండేది. గది నాది కాదని నోరు చెప్పింది కానీ కాళ్లకి తెలియలేదు. రోజుకి పదిసార్లు వెళ్లేదాన్ని. కర్టెన్ సరిచేసేదాన్ని, దుప్పటి ముడతలు లాగేదాన్ని, దువ్వెనని ఈ మూల నుంచి ఆ మూలకి జరిపేదాన్ని. అమ్మ చూసి, "అలా తిరగకే, కాలుగాలిన పిల్లిలా," అని కసిరింది. అయినా మానలేదు.

ఒక పొద్దున వెళ్లేసరికి అద్దం నేను పెట్టిన చోట లేదు. గోడ మూలలో, పైన, ఓరగా ఉంది. అక్కడుంటే తల ఎలా దువ్వుకుంటారు?

"మళ్లీ అక్కడే పెట్టేస్తాను," అంది అత్త గబగబా.

నేను మంచం మీద ఆవిడ కూర్చునే చోట కూర్చుని చూశాను. అద్దంలో గుమ్మం కనపడుతోంది. వెనక్కి తిరగకుండానే ఎవరొస్తున్నారో తెలుస్తుంది.

"ఉండనీ," అన్నాను. "అక్కడే బాగుంది."

నాన్న షెడ్డు నుంచి సీట్ల తలగడలకి గలేబులు కుట్టే పని తెచ్చి అత్తకివ్వడం మొదలుపెట్టాడు. కుట్టుమిషన్ చప్పుడుతో మధ్యాహ్నాలు గడిచిపోయేవి. ఒక రోజు నాయనమ్మ నెమ్మదిగా వచ్చి మంచం మీద కూర్చుని, రెక్సిన్‌ని అరచేత్తో నొక్కి చూసింది. "ఇది వేడి చేస్తుందే. కింద మందపాటి దుప్పటి వేసుకో," అంది అత్తతో. ఎప్పుడు వెళ్తావని ఆ రోజు అడగలేదు. ఆ తర్వాత కూడా అడగలేదు. సీజను ముగిసింది. కొత్త సీట్లతో బస్సులన్నీ షెడ్డు ఖాళీ చేసి వెళ్లిపోయాయి. బడులు తెరిచారు.

మొదటి వారంలోనే ఒక సాయంత్రం, బడి నుంచి వచ్చి సంచి పడేసి, అలవాటు చొప్పున నేరుగా మూల గదిలోకి వెళ్లాను.

మంచం గది మధ్యలోకి లాగేసి ఉంది. కర్టెన్ లేదు. అర మీద పాత గుడ్డ కప్పి ఉంది. నేల మీద బకెట్టు, అందులో సున్నంలో కలిపిన ఎర్రమన్ను. అత్త చీర మోకాళ్ల దాకా ఎత్తి కట్టుకుని, గుమ్మానికి వీపు పెట్టి, చీపురుకట్ట లాంటి బ్రష్షుతో గోడకి పూస్తోంది. నీలం అప్పటికే సగం పోయింది. కిటికీ కింద మొండి పసుపు మీద కూడా ఎరుపు పరుచుకుంటోంది.

దగ్గడం కూడా మర్చిపోయాను. "అత్తా! ఏం చేస్తున్నావు?"

అత్త ఉలిక్కిపడలేదు. "కనపడట్లా?" అంది, చెయ్యి ఆపకుండా.

"ఆ నీలం మనిద్దరం కలిసి వేశాం కదా!"

"వేశాం. నాకు మొదట్నుంచీ నచ్చలేదే. ఆస్పత్రిలా ఉంది."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా?"

"అప్పుడు నీ గది," అంది అత్త.

నేనింకా ఏదో అనబోతూ ఒక అడుగు ముందుకి వేశాను. బకెట్టు పక్కన తడిలో నా పాదం ఎర్రగా పడింది. అత్త బ్రష్షు పక్కన పెట్టి, మట్టి చేతులు నాకు అంటకుండా మోచేత్తో నన్ను గుమ్మం వైపు నెట్టింది.

"చూశావా, తొక్కేశావు! నడు, నడు బయటికి. ఆరేదాకా ఒక్కళ్లు కూడా రావద్దని చెప్పు. మీ బాబాయికి మరీ మరీ చెప్పు."

"ఒక్కసారి చూసి..."

"పిలుస్తాగా," అంది అత్త. కాలితో ఇటుకని పక్కకి తన్ని, నా ముఖం మీదే తలుపు వేసేసింది.